నా ల్యాప్‌టాప్‌ని కట్టేసిన ఒక్క మాట

నేను సూర్యాపేట జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. పదో తరగతి క్షేత్రమితి పాఠం వచ్చేసరికి ప్రతి ఏడూ ఒకటే ఇబ్బంది. బోర్డు మీద శంకువు గీస్తే పిల్లలకు ఒక త్రిభుజం, దాని కింద ఒక చదును వలయం కనిపిస్తాయి తప్ప ఘనం కనిపించదు. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అదే శంకువును గీసి, అటూ ఇటూ తిప్పి, పైనుంచీ కిందనుంచీ చూపించవచ్చు. మా బడికి పూర్వ విద్యార్థులు ఇచ్చిన ప్రొజెక్టర్ ఉంది. కావలసిందల్లా ఆ శంకువును తిప్పగలిగే ల్యాప్‌టాప్.

నా ల్యాప్‌టాప్ సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇంటెల్ కోర్ ఐ5-5200యు ప్రాసెసర్, 2015 నాటిది. 4 జీబీ ర్యామ్. అందులో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్నాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే ఇంటెల్ హెచ్‌డీ 5500. రెండోది విడిగా పెట్టిన చిన్న చిప్. ఈ రెండో చిప్ ఉందని కొన్నప్పుడు సంతోషించాను. నాకు వచ్చిన చిక్కంతా దాని దగ్గరే మొదలైందని తర్వాత తెలిసింది.

2023 మే సెలవుల్లో అందులో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలనుకున్నాను. విండోస్ 10 బరువుగా నడుస్తోంది, విండోస్ 11 తీసుకునే ప్రాసెసర్ల జాబితాలో నా 5200యు లేదు. లినక్స్‌లో ఒక రకమైన మింట్ 21.1ని, సినమన్ అనే డెస్క్‌టాప్ (తెర మీద విండోలు, మెనూలు చూపించే భాగం) ఉన్నదాన్ని దించుకుని పెన్ డ్రైవ్‌లో వేశాను. బూట్ చేస్తే మింట్ గుర్తు ఒక్క క్షణం కనిపించి తెర నల్లగా అయిపోయింది. అయిదు నిమిషాలు చూశాను. ఏమీ రాలేదు.

నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకటే జవాబు. లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రాం మెనూ మొదట వస్తుంది, అందులో ‘ఇ’ నొక్కాలి, ‘లినక్స్’ అని మొదలయ్యే లైన్ చివర ‘నోమోడ్‌సెట్’ అని ఒక మాట చేర్చాలి, ఎఫ్10 నొక్కాలి. చేశాను. తెర వెలిగింది. ఇన్‌స్టాల్ చేశాక మళ్లీ నల్ల తెర వచ్చింది, మళ్లీ అదే మందు వేశాను. ప్రతిసారీ టైప్ చేయడం ఎందుకని ‘ఈటీసీ’ ఫోల్డర్‌లోని ‘డిఫాల్ట్’లో ఉండే గ్రబ్ ఫైల్లో ఆ మాటను శాశ్వతంగా రాసేశాను. అదీ నెట్‌లో చూసే.

ఆ సూచనల చివర ఇంకో వాక్యం ఉంది. డ్రైవర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రాం) సంగతి తేల్చుకున్నాక ఈ మాట తీసేయండి అని. చదివాను కూడా. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. తెర వెలిగిందన్న సంతోషంలో అది పూర్తిగా మరుగున పడిపోయింది. మొదటిసారి డెస్క్‌టాప్ తెరుచుకున్నప్పుడు పక్కన చిన్న పెట్టె కూడా వచ్చింది, సినమన్ సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌లో నడుస్తోంది, ప్రాసెసర్ మీద భారం ఎక్కువగా ఉండవచ్చు అని. కొత్త సిస్టమ్‌లో ఇలాంటి సందేశాలు మామూలే అనుకుని మూసేశాను. నా మెషీన్ తన జబ్బేమిటో మొదటి రోజే చెప్పింది. నేను వినలేదు.

జూన్ 12న బళ్లు తెరిచారు. అప్పటి నుంచి ఒక్కొక్కటిగా ఇబ్బందులు బయటపడ్డాయి. విండోను పట్టుకుని లాగితే అది నా వేలి వెనకాల అరసెకను ఆలస్యంగా వచ్చేది. పేజీ కిందికి జరిపితే అక్షరాలు ముక్కలు ముక్కలుగా కదిలేవి. ఏ వీడియో పెట్టినా ఫ్యాన్ మిక్సీలా మోగేది. బ్యాటరీ గంటన్నరకు మించి వచ్చేది కాదు. ఇవన్నీ పాత మెషీన్ లక్షణాలే అనుకున్నాను. వెలుతురు తగ్గించే మీటలు పనిచేయడం మానేస్తే కీబోర్డు పాడైందనుకున్నాను. మూత వేసి తెరిస్తే తెర తిరిగి రాకపోతే, మూత వేయడం మానేశాను. ఒక రోజు ప్రొజెక్టర్ కేబుల్ పెడితే అవతల ‘సిగ్నల్ లేదు’ అని నీలం తెర. మా భౌతికశాస్త్రం సార్ వచ్చి చూసి, “మేడమ్, కేబుల్ పోయినట్టుంది, మార్చి చూడండి” అన్నారు. కొత్త హెచ్‌డీఎమ్ఐ కేబుల్ కొన్నాను. మళ్లీ నీలం తెరే.

అప్పటికి నా నోట్‌బుక్‌లో ఇవన్నీ వేరువేరు జబ్బులు. నెమ్మదితనానికి ఒక వైద్యం, వెలుతురు మీటలకు ఇంకొకటి, ప్రొజెక్టర్‌కి మరొకటి వెతుకుతూ కూర్చున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అత్యంత నష్టం చేసింది ఇదే. ఒకేసారి వచ్చిన అయిదు లక్షణాలను అయిదు సమస్యలుగా విడగొట్టుకున్నాను.

మొదటి సలహా, ర్యామ్ పెంచు. షాపులో అడిగినా, నెట్‌లో చూసినా అదే మాట. ఇంకో 4 జీబీ డీడీఆర్3ఎల్ ముక్క కొని ఖాళీ స్లాట్‌లో పెట్టించాను. బ్రౌజర్‌లో ఎక్కువ ట్యాబ్‌లు తెరవగలిగాను కానీ విండో లాగితే అదే ఈడుపు. రెండో సలహా, స్వాపినెస్ అనే విలువను 60 నుంచి 10కి తగ్గించడం. మింట్ వాడేవాళ్లకు ఈ సలహా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. ర్యామ్ నిండినప్పుడు డిస్కు మీదికి ఎంత తొందరగా తోసేయాలి అన్నదాన్ని అది మారుస్తుంది. నా ర్యామ్ సగం కూడా నిండడం లేదు. అయినా మార్చాను, ఎందుకంటే మార్చడం తేలిక. మూడోది, డెస్క్‌టాప్ ఎఫెక్టులన్నీ ఆపేయడం. కొంచెం తేలికైంది. నాలుగోది, సినమన్ వదిలేసి ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టుకోవడం. ఇది నిజంగా తేడా చూపించింది. ఆ తేడాయే నన్ను ఇంకో రెండు వారాలు తప్పుదారిలో ఉంచింది. సినమన్‌దే తప్పు అని నిర్ధారణకు వచ్చేశాను. కానీ జియోజీబ్రా తెరిచి శంకువును తిప్పబోతే అది అక్కడా మొరాయించింది.

ఆగస్టులో ఒక శనివారం రాత్రి అసలు దెబ్బ తగిలింది. ఇంటెల్ గ్రాఫిక్స్ నెమ్మదిగా ఉంటే ఒక చిన్న ఫైల్ రాసిపెట్టండి అని ఒక చోట చూశాను. డ్రైవర్ పేరు ‘ఇంటెల్’ అని, యాక్సిలరేషన్ పద్ధతి ‘ఎస్ఎన్ఏ’ అని, ‘టేర్‌ఫ్రీ’ ఆన్ అని, మొత్తం ఆరేడు లైన్లు. కింద చాలామంది ‘పనిచేసింది, ధన్యవాదాలు’ అని రాశారు. ఆ సలహా 2013 నాటిదని పైన చిన్న అక్షరాల్లో ఉంది. పదేళ్ల కిందటి మాట ఇప్పటికీ వర్తిస్తుందా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. కాపీ చేసి పెట్టి రీస్టార్ట్ చేశాను. లాగిన్ తెర రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొన్ని వచ్చి ఆగిపోయాయి.

సోమవారం పరీక్ష పేపర్లు అందులోనే ఉన్నాయి. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఇంటర్ చదివే మా అబ్బాయి వచ్చి, “మళ్లీ ఏం చేసినవమ్మా?” అన్నాడు. వాడి ఫోన్‌లోనే వెతికాం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే అక్షరాలు మాత్రమే ఉండే లాగిన్ వస్తుందని, అక్కడి నుంచి ఆ ఫైల్‌ను పక్కకు తప్పించవచ్చని తెలిసింది. తప్పించి రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ తిరిగి వచ్చింది. మొదట పరీక్ష పేపర్లు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. తర్వాత మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్‌తో సిస్టమ్ మొత్తానికి ఒక స్నాప్‌షాట్ తీసుకున్నాను. ఈ రెండూ జూన్‌లోనే చేసి ఉండాల్సింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా క్లాసులో ఒక పిల్లవాడు లెక్క చదవకుండానే సూత్రాలు ఒక్కొక్కటీ వేసి చూస్తుంటే నేనేమంటాను? ముందు ఏమిచ్చారో రాయి, ఏం కనుక్కోవాలో రాయి అంటాను. నేను రెండు నెలలుగా ‘ఇచ్చిన దత్తాంశం’ రాయకుండానే సూత్రాలు వేస్తున్నాను. ఆదివారం పొద్దున ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇవాళ ఏదీ మార్చను, చూడడం మాత్రమే. ఇంటర్నెట్‌లోని సలహాల్లోంచి కూడా మార్చమనే కమాండ్లు పక్కన పెట్టి, చూపించే కమాండ్లనే ఏరుకున్నాను.

మొదట ‘మెసా-యుటిల్స్’ అనే ప్యాకేజీ వేసి, అందులోని ‘జీఎల్ఎక్స్‌ఇన్ఫో’ కమాండ్‌ను మైనస్ పెద్ద బీతో నడిపాను. అందులో రెండు లైన్లు చాలు. ‘యాక్సిలరేటెడ్: నో’ అని ఒకటి, అంటే బొమ్మలు గీయడంలో గ్రాఫిక్స్ చిప్ సాయం లేదని. బొమ్మ గీస్తున్నది ఎవరు అనే దగ్గర ‘ఎల్ఎల్‌విఎం-పైప్, 256 బిట్స్’ అని ఇంకొకటి. అక్కడ ఇంటెల్ హెచ్‌డీ 5500 పేరు ఉండాలి. లేదు.

ఎల్ఎల్‌విఎం-పైప్ అంటే గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పనిని మామూలు ప్రాసెసర్‌తో చేయించే ప్రోగ్రాం. మెసా అనే స్వేచ్ఛా గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో అది ఒక భాగం. చిప్ దొరకనప్పుడు కూడా తెర మీద ఏదో ఒకటి కనిపించాలని పెట్టిన ఏర్పాటు. అది లేకపోతే నాకు మేలోనే డెస్క్‌టాప్ వచ్చేది కాదు. కానీ దాని మీద పడుతున్న భారం ఎంతో ఒకసారి లెక్క కట్టాను. నా తెర 1366 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు. గుణిస్తే 10,49,088 చుక్కలు. సెకనుకు 60 సార్లు తెర మారాలంటే 6,29,45,280 చుక్కలకు రంగు నిర్ణయించాలి. ఈ పని కోసమే హెచ్‌డీ 5500లో 24 ఎగ్జిక్యూషన్ యూనిట్లు ఉన్నాయి. నా ప్రాసెసర్‌లో ఉన్నవి రెండు కోర్లు. ఆ రెండే విండోలూ గీయాలి, వీడియోలూ విప్పాలి, బ్రౌజరూ నడపాలి. ఫ్యాన్ ఎందుకు మోగుతోందో అప్పుడు అర్థమైంది. మళ్లీ సినమన్‌లోకి వెళ్లి ‘టాప్’ కమాండ్‌లో చూస్తే, ఒక విండోను లాగుతున్నంతసేపూ సినమన్ ఒక్కటే 130 శాతం దాకా (ఒక కోర్ పూర్తిగా వాడితే 100) తీసుకుంటోంది.

చిప్ ఎందుకు పని చేయడం లేదు? ‘ఎల్ఎస్‌పీసీఐ’ని మైనస్ కెతో నడిపితే మెషీన్‌లోని పరికరాలు, వాటి డ్రైవర్లు కనిపిస్తాయి. ఇంటెల్ గ్రాఫిక్స్ కింద ‘కెర్నెల్ మాడ్యూల్స్: ఐ915’ అని ఉంది. కెర్నెల్ అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం, ఐ915 అంటే అందులో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు. హమ్మయ్య, డ్రైవర్ ఉంది అనుకున్నాను. తర్వాత పక్కన వైఫై పరికరాన్ని చూస్తే అక్కడ రెండు లైన్లు ఉన్నాయి. ‘ఈ మాడ్యూల్ ఉంది’ అని ఒకటి, ‘ఈ డ్రైవర్ వాడుకలో ఉంది’ అని ఇంకొకటి. గ్రాఫిక్స్ దగ్గర ఆ రెండో లైనే లేదు. మందు ఇంట్లో ఉంది, ఎవరూ వేసుకోవడం లేదు. ‘డెవ్’ ఫోల్డర్‌లో ‘డీఆర్ఐ’ అనే ఉపఫోల్డర్ ఉండాలి, గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడడానికి అదే ద్వారం. వెతికితే అలాంటిదేమీ లేదని జవాబు వచ్చింది. కలిపిన తెరల జాబితా చూపే ఎక్స్‌ర్యాండర్ అనే కమాండ్ నడిపితే తెర పేరు ‘డిఫాల్ట్’ అని ఒక్కటే చూపించింది. హెచ్‌డీఎమ్ఐ అనే పేరే అక్కడ లేదు. ప్రొజెక్టర్‌కి సిగ్నల్ ఎందుకు వెళ్లడం లేదో అదే చెప్పేసింది. పాపం ఆ కేబుల్.

ఇక చివరిది. ‘ప్రాక్’ ఫోల్డర్‌లోని ‘సీఎండీలైన్’ అనే ఫైల్ చదివితే, ఈసారి కెర్నెల్‌ను ఏ మాటలతో మొదలుపెట్టారో కనిపిస్తుంది. ఒకే ఒక్క లైన్. దాని చివర, నేనే మే నెలలో రాసిన మాట: నోమోడ్‌సెట్.

చాలాసేపు ఆ మాట వైపే చూస్తూ కూర్చున్నాను. దాని అర్థం ఏమిటో అప్పటిదాకా చదవలేదు. తెర ఎన్ని చుక్కల వెడల్పు, ఎంత ఎత్తు, సెకనుకు ఎన్నిసార్లు మారాలి అని నిర్ణయించడాన్ని మోడ్ సెట్ చేయడం అంటారు. పూర్వం ఈ పని ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రాం చేసేది. 2009లో వచ్చిన 2.6.29 కెర్నెల్‌తో ఇంటెల్ చిప్‌లకు ఆ బాధ్యత కెర్నెల్ చేతికి వచ్చింది. నోమోడ్‌సెట్ అంటే ‘కెర్నెల్, నువ్వు ఈ పని చేయొద్దు’ అని చెప్పడం. ఇప్పటి ఐ915 డ్రైవర్‌కు ఆ పని వద్దంటే అది అసలు రంగంలోకే దిగదు. అది లేకపోతే యాక్సిలరేషన్ లేదు, వెలుతురు సర్దుబాటు లేదు, రెండో తెర లేదు, మూత తెరిచాక తెరను మళ్లీ లేపేవాళ్లు లేరు. శనివారం రాత్రి నేను పెట్టిన పాత ఫైల్ ఎందుకు ముంచిందో కూడా తేలింది. ఆ ‘ఇంటెల్’ డ్రైవర్ కెర్నెల్ సాయం లేకుండా నడవదు. లేని సాయం మీద ఆధారపడమని బలవంతం చేశాను, అది కుప్పకూలింది.

అయిదు జబ్బులకూ కారణం ఒక్కటే. సంతోషం వేసింది, దాంతోపాటు భయమూ వేసింది. ఆ మాట తీసేస్తే మేలో వచ్చిన నల్ల తెర మళ్లీ వస్తుంది కదా.

ఇక్కడ గ్రబ్‌కు ఒక గొప్ప గుణం ఉంది. మెనూలో ‘ఇ’ నొక్కి చేసిన మార్పు ఆ ఒక్కసారికే. పని చేయకపోతే పవర్ బటన్ నొక్కి మళ్లీ మొదలుపెడితే పాత స్థితే వస్తుంది. బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కి మెనూ తెప్పించి (కొన్ని మెషీన్లలో షిఫ్ట్ పట్టుకోవాలి), నోమోడ్‌సెట్ చెరిపి, ఎఫ్10 నొక్కాను. నల్ల తెర. ఈసారి కంగారు పడలేదు. పది నిమిషాలు అలాగే వదిలేసి ఆపేశాను. మామూలుగా బూట్ చేసి, ‘జర్నల్‌సీటీఎల్’ కమాండ్‌తో అంతకుముందు బూట్‌లో కెర్నెల్ రాసుకున్న లాగ్ తీశాను. మైనస్ బి మైనస్ 1 అంటే కిందటి బూట్ అని అర్థం, దానికి మైనస్ కె చేరిస్తే కెర్నెల్ మాటలు మాత్రమే వస్తాయి. ఐ915 లైన్లు మామూలుగానే ఉన్నాయి. వాటి తర్వాత వరసగా ఎర్ర అక్షరాల్లో లోపాలు, అన్నిటి ముందూ ఒకటే పేరు: నూవో. ఫ్రెంచిలో కొత్త అని అర్థమట. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎన్, ఓ, యూ, వీ, ఈ, ఏ, యూ. వెతికేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నా రెండో గ్రాఫిక్స్ చిప్‌కు లినక్స్‌లో ఉండే డ్రైవర్ అది. ఎన్నో మెషీన్లలో చక్కగా నడుస్తుంది, నా మెషీన్‌లోని చిప్‌తో మాత్రం పొసగలేదు.

అంటే ఇంటెల్ చిప్ ఏ తప్పూ చేయలేదు. నోమోడ్‌సెట్ ఏ డ్రైవర్‌నూ విడిచిపెట్టదు, అందరినీ ఆపుతుంది. ఒక పిల్లవాడు అల్లరి చేశాడని క్లాసంతటినీ బెంచీ ఎక్కించినట్టు. నాకు కావలసింది ఆ ఒక్క డ్రైవర్‌ను ఆపడం. దానికి వేరే మాట ఉంది: ‘మోడ్‌ప్రోబ్ చుక్క బ్లాక్‌లిస్ట్ ఈక్వల్ టు నూవో’, మధ్యలో ఖాళీ లేకుండా. మళ్లీ గ్రబ్ మెనూ, మళ్లీ ‘ఇ’. నోమోడ్‌సెట్ చెరిపి ఈ మాట రాశాను. ఎఫ్10.

లాగిన్ తెర వచ్చింది. ఈసారి అక్షరాలు కూడా పదునుగా ఉన్నట్టు అనిపించింది, అది నా ఊహే కావచ్చు. పాస్‌వర్డ్ కొట్టి సినమన్‌లోకి వెళ్లి ఒక విండోను పట్టుకుని గిరగిరా తిప్పాను. వేలితోపాటే వచ్చింది. మా అబ్బాయిని కేకేసి పిలిచాను.

తర్వాత అరగంటసేపు ఒక కొత్త భయం పట్టుకుంది. వేగం కొలవడానికి ‘జీఎల్ఎక్స్‌గేర్స్’ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, మూడు పళ్ల చక్రాలు తిరుగుతూ సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో చెబుతుంది. పొద్దున పాత స్థితిలో నడిపినప్పుడు అది ఆరువందల పైన చూపించింది. ఇప్పుడు నడిపితే 60. పదో వంతుకు పడిపోయిందా? జీఎల్ఎక్స్‌ఇన్ఫో చూస్తే ‘యాక్సిలరేటెడ్: ఎస్’, పేరు ‘మెసా ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ 5500’. మరి అంకె ఎందుకు తగ్గింది? జవాబు ఆ ప్రోగ్రామే మొదటి లైన్లో రాసింది. నిజమైన డ్రైవర్ తెర మారే వేగానికి సరిపెట్టుకుని గీస్తుంది. నా తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అంతకు మించి గీసినా కనిపించదు కాబట్టి గీయదు. పొద్దున ఆరువందలు గీసింది అరచేయంత విండోలో, రెండు కోర్లనూ పిండి. ‘టాప్’లో చూస్తే ఇప్పుడు ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంది. ఈ చక్రాల అంకెతో గ్రాఫిక్స్ బాగోగులు తేల్చమనే సలహాలు నెట్‌లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటిని నమ్మి నేను ఆ రోజు మళ్లీ వెనక్కి వెళ్లిపోయేదాన్ని.

మిగతాది రాతపని. గ్రబ్ ఫైల్లో నోమోడ్‌సెట్ తీసేసి ‘అప్‌డేట్-గ్రబ్’ నడిపాను. ‘మోడ్‌ప్రోబ్ చుక్క డి’ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైల్ పెట్టి అందులో ‘బ్లాక్‌లిస్ట్ నూవో’ అని రాసి, ‘అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్’ను మైనస్ యుతో నడిపాను. ఈ చివరి కమాండ్ మరిచిపోతే పాత పద్ధతే బూట్‌లో మిగిలిపోవచ్చు. స్వాపినెస్‌ను మళ్లీ 60 చేశాను, ఆపేసిన ఎఫెక్టులు తిరిగి పెట్టాను, రెండు నెలల్లో తోచినట్టు వేసిన ప్యాకేజీలు ఒక్కొక్కటీ తీసేశాను. రెండో చిప్‌ను పూర్తిగా ఆపే వీలు నా మెషీన్ బయోస్‌లో లేదు. డ్రైవర్ లేకుండా అలా పడి ఉంది, కొంచెం కరెంటు తాగుతుందేమో. బ్యాటరీ ఇప్పుడు రెండు గంటల నలభై నిమిషాలు వస్తోంది కాబట్టి దాని జోలికి పోలేదు.

వెలుతురు మీటలు వాటంతట అవే పనిచేశాయి. మూత వేసి తెరిస్తే తెర వచ్చింది. ర్యామ్‌కు పెట్టిన డబ్బు కూడా వృథా కాలేదని చదివి ఊరట పడ్డాను. ఇంటెల్ చిప్‌కు సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌నే పంచుకుంటుంది. ఒక ముక్క బదులు రెండు ముక్కలుంటే ఆ దారి వెడల్పు రెట్టింపవుతుంది. చిప్ పనిచేయనంతకాలం ఆ వెడల్పు దారి దానికి అక్కరకు రాలేదు.

ఒక్కటి మాత్రం మొండికేసింది. యూట్యూబ్ వీడియోలకు ఫ్యాన్ ఇంకా మోగుతోంది, మునుపటంత కాకపోయినా. ఈసారి కూడా ముందు చూశాను. ‘వీఏఇన్ఫో’ కమాండ్ నా చిప్ ఏ వీడియో రకాలను స్వయంగా విప్పగలదో చెబుతుంది. హెచ్264 ఉంది. యూట్యూబ్ ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1 రకాలు. వాటిని పూర్తిగా విప్పే సర్క్యూట్ ఈ తరం చిప్‌లో లేదు, ఏ సెట్టింగ్ మార్చినా రాదు. ఫైర్‌ఫాక్స్‌లో వెబ్‌సైట్‌ను హెచ్264 పంపమని అడిగే చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి వేశాను. ఫైర్‌ఫాక్స్ 115 నుంచి ఇంటెల్ చిప్‌లకు లినక్స్‌లో హార్డ్‌వేర్ వీడియో దానంతటదే ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఇంకేమీ చేయాల్సి రాలేదు. ఫ్యాన్ సద్దుమణిగింది.

మరుసటి వారం పదో తరగతిలో క్షేత్రమితి మొదలుపెట్టాను. పాత హెచ్‌డీఎమ్ఐ కేబులే పెట్టాను, గోడ మీద వెంటనే బొమ్మ పడింది. శంకువును తిప్పాను, పడుకోబెట్టాను, భూమి వైపు నుంచి చూపించాను. మూడు శంకువులు అంతే భూమి, అంతే ఎత్తు ఉన్న ఒక స్థూపంలో సరిపోతాయని చెప్పి సూత్రం రాస్తుంటే మూడో బెంచీలో అమ్మాయి లేచి, “మేడమ్, కొన పక్కకు వంగితే గప్పుడు ఎంత పడతది?” అని అడిగింది.

జియోజీబ్రాలో వంగిన శంకువు గీయడం నాకు తెలియదు. అప్పటికప్పుడు 24 భుజాల క్రమ బహుభుజి గీసి, దాని పైన ఒక బిందువు పెట్టి పిరమిడ్ కట్టాను. దూరం నుంచి చూస్తే శంకువులాగే ఉంటుంది. పక్కన ఘనపరిమాణం అంకె కనిపించేలా పెట్టి, ఎత్తు మారకుండా కొనను పట్టుకుని పక్కకు లాగాను. ఇరవై నాలుగు ముఖాలూ నా వేలి వెంట వాలుతూ వచ్చాయి. కొన భూమిని దాటి బయటికి వెళ్లిపోయింది. అంకె కదల్లేదు. ఆ అమ్మాయి లేచి ముందుకు వచ్చి, తానే మౌస్ పట్టుకుని ఇంకా దూరం లాగి చూసింది.